బుల్ రన్ రస్సెల్

వర్జీనియాలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే సెంటర్‌విల్ ప్రాంతం దాటి మనాసస్ వైపు వెళితే అంతర్యుద్ధం నాటి రణభూమి ఒకటి వస్తుంది. 1861 జూలై 21న బుల్ రన్ అనే వాగు దగ్గర ఉత్తరాది సైన్యం ఓడిపోయి వాషింగ్టన్ దాకా పరుగెత్తింది. ఆ పరుగును ఉన్నదున్నట్టు రాసి అమెరికన్ల చేత తిట్లు తిన్న లండన్ విలేకరి విలియం హోవర్డ్ రస్సెల్. 2003 ఇరాక్ యుద్ధంలో సైన్యం వెంట వెళ్ళిన 'ఎంబెడెడ్' విలేకరుల గురించి ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఆ ప్రశ్నలన్నీ ఈయన అంతకుముందే ఎదుర్కొన్నాడు.

రస్సెల్ 1820లో ఐర్లాండులో డబ్లిన్ దగ్గర పుట్టాడు. ట్రినిటీ కాలేజీలో చదివి లండన్ 'టైమ్స్'లో చేరాడు. 1854లో రష్యా మీదికి బ్రిటిష్ సైన్యం బయలుదేరినప్పుడు ఎడిటర్ జాన్ డిలేన్ ఆయన్ని వెంట పంపాడు.

క్రిమియాలో సేనాపతి లార్డ్ రాగ్లన్ ఆయన్ని గుర్తించనే లేదు. రేషన్ లేదు, డేరాకు చోటు లేదు. అయితే రాతలు ఆపే ఉత్తర్వు కూడా లేదు. అక్టోబర్ 25న బాలక్లావాలో లైట్ బ్రిగేడ్ గుర్రపుదళం ఫిరంగులకు ఎదురెళ్ళిన కథనం నవంబర్ 14న అచ్చయింది. కానీ ప్రభుత్వాన్ని కుదిపింది ఆ తర్వాతి చలికాలపు ఉత్తరాలు. బురద, కలరా, ఉన్నిబట్టలు లేని సిపాయిలు, రేవులోనే పడి ఉన్న సామాను. తూటాలకన్నా రోగాలకే ఎక్కువమంది పోయారు. స్కుటారి ఆసుపత్రి దుస్థితిని బయటపెట్టింది కూడా ఈయనే అంటుంటారు గానీ, ఆ వార్తలు రాసింది టైమ్స్‌కే చెందిన థామస్ చెనరీ. 1855 జనవరిలో ప్రధాని అబర్డీన్ రాజీనామా చేశాడు.

సైన్యం వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. మోహరింపుల వివరాలు లండన్ పేపర్లో వస్తే శత్రువు కూడా చదువుతాడు కదా. 1856 ఫిబ్రవరిలో కొత్త సేనాపతి కాడ్రింగ్టన్, శత్రువుకు పనికొచ్చే సంగతులు రాసేవాళ్ళని వెళ్ళగొట్టవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు. మరుసటి నెలలోనే సంధి జరగడంతో దానితో పెద్దగా పని పడలేదు.

1858లో ఆయన మన దేశం వచ్చాడు. అప్పటికి బ్రిటిష్ పత్రికలు సిపాయిల తిరుగుబాటు మీద పగతో ఊగిపోతున్నాయి, టైమ్స్ కూడా. ఈసారి సేనాపతి కోలిన్ క్యాంప్‌బెల్ సమాచారమంతా ఇస్తానన్నాడు, ఒకే ఒక్క షరతు మీద: లండన్‌కు రాసే ఉత్తరాల్లో తప్ప శిబిరంలో ఎవరితోనూ అనకూడదు. సేనాపతి పక్కనే ఉన్నా కలం మొద్దుబారలేదు. కాన్పూరులో ఇంగ్లీషు స్త్రీలను, పిల్లలను చంపడం నిజమే. కానీ వాళ్ళ అవయవాలు కోశారన్న కథలకు ఎంత వెతికినా సాక్ష్యం దొరకలేదని రాశాడు. విచక్షణ లేని ఉరితీతల గురించీ, లక్నో కైసర్‌బాగ్‌లో బ్రిటిష్ సైన్యం చేసిన లూటీ గురించీ రాశాడు. నా మటుకు ఆయన జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే అనిపిస్తుంది. క్రిమియాలో పాఠకులు సిపాయిల పక్షాన ఆయనతో ఉన్నారు. ఇక్కడ ఆయన సొంత పాఠకుల కోపానికి ఎదురు రాయాల్సి వచ్చింది.

1861 మార్చిలో అమెరికా వచ్చి లింకన్‌ను కలిశాడు. దక్షిణాది తిరిగి, మాంట్‌గోమరీలో బానిసల వేలం చూసి అసహ్యించుకున్నాడు. ఇటు ఆయన పత్రికేమో దక్షిణాది వైపు మొగ్గింది. బుల్ రన్ ఓటమి వార్తను వాషింగ్టన్ టెలిగ్రాఫ్ ఆఫీసులో అధికారులు ఆపేశారు, మర్నాడు పొద్దున న్యూయార్క్ పేపర్లు గెలుపని వేశాయి! రస్సెల్ కథనం లండన్‌లో అచ్చయి ఆగస్టులో తిరిగొచ్చేసరికి ఉత్తరాది మండిపడింది. బగ్ పట్టుకున్న టెస్టర్ మీదే కోప్పడ్డట్టు, ఓడిన జనరల్స్ కన్నా ఎక్కువ తిట్లు ఆయనకే పడ్డాయి. చంపుతామని బెదిరింపు ఉత్తరాలు, పైగా 'బుల్ రన్ రస్సెల్' అని ముద్దుపేరు. 1862లో యుద్ధ మంత్రి స్టాంటన్ ఆయన్ని సైన్యం వెంట ఓడ ఎక్కనివ్వలేదు. ఏప్రిల్‌లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధానికీ వెళ్ళాడు గానీ, అప్పటికి టెలిగ్రాఫ్‌తో కుర్ర విలేకరులు ఆయన్ని దాటేశారు. 1895లో సర్ బిరుదు వచ్చింది. 1907లో చనిపోయాడు. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్ నేలమాళిగలో ఆయన స్మారక శిల్పం ఉంది.