ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు నేర్పిన ఓటు పాఠం

ఆంధ్రకేసరి అనగానే 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో తుపాకికి ఎదురుగా రొమ్ము చూపిన వీరుడు మనకు గుర్తుకు వస్తారు. ఆ కథ పిల్లలందరికీ చెప్పుకుంటాము. టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితంలో మరొక కథ కూడా ఉన్నది. అది ఓట్ల కథ. ప్రజల అభిమానం వేరు, ఓట్ల లెక్క వేరు అని అది మనకు నేర్పుతుంది.

పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు ఆయన చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయులు ఈ బాలుని తెలివిని గుర్తించి, తమతో రాజమండ్రి తీసుకొని వెళ్లి చదివించారు. ఒక ఉపాధ్యాయుడు చేయగల మేలుకు ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

ప్రకాశంగారు రాజమండ్రిలో ప్లీడరు అయ్యారు. 1904లో పురపాలక సంఘ అధ్యక్షులయ్యారు. తరువాత ఇంగ్లండులో బారిస్టరు చదివి, మద్రాసు హైకోర్టులో బాగా సంపాదించారు. 1921లో ఆ వృత్తిని వదలి, స్వరాజ్య పత్రికను స్థాపించి, సంపాదించినదంతా దేశానికే ఖర్చు చేశారు.

1926లో ఆయన కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ రోజులలో ఆస్తి ఉండి పన్ను కట్టేవారికే ఓటు ఉండేది. 1937 నాటికి ఓటర్లు పెరిగారు. మద్రాసు రాష్ట్రంలో చదువు రానివారి కోసం పార్టీలకు రంగు పెట్టెలు ఇచ్చారు. కాంగ్రెసువారి పెట్టె పసుపు పచ్చనిది. ఆ పార్టీ 215 స్థానాలలో 159 గెలిచింది. ప్రకాశంగారు రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యారు.

1946లో ఢిల్లీ పెద్దలు రాజాజీని కోరినా, శాసనసభ్యులు ప్రకాశంగారినే నాయకునిగా ఎన్నుకొన్నారు. ఆయన రాష్ట్ర ప్రధాని అయ్యారు. అయితే సంవత్సరం నిండకముందే సొంత పార్టీ సభ్యులే మద్దతు తీసివేయగా, 1947 మార్చిలో రాజీనామా చేయవలసి వచ్చింది.

ఆయన 1951లో కాంగ్రెసును వదిలారు. 1952లో వయోజనులందరూ మొదటిసారి ఓటు వేశారు. మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. ప్రకాశంగారు ఇతర పార్టీలతో ఐక్య కూటమి కట్టి నాయకులయ్యారు. కాని గవర్నరు ముందుగా రాజాజీని పిలిచారు. ఎవరికీ మెజారిటీ లేనప్పుడు మొదటి పిలుపు ఎవరికి అందుతుందో అదే ఎంతో ముఖ్యం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశంగారు కాంగ్రెసు మద్దతుతో మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆయన కాలంలోనే వెలసింది. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. యాభై ఏళ్ల ప్రజాసేవ చేసిన వృద్ధుని ప్రభుత్వాన్ని ఆ ఒక్క ఓటే దించింది.

తరువాత 1955లో జరిగిన ఎన్నికలు పాఠశాలలో చెప్పదగిన పాఠం. 1952లో కమ్యూనిస్టులు ఆంధ్ర ప్రాంతంలో 41 స్థానాలు గెలిచి ఉన్నారు. వారి గెలుపు ఖాయమని చాలామంది అనుకొన్నారు. అప్పుడు కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశంగారి ప్రజాపార్టీ ఒక్కటై, స్థానానికి ఒక్క అభ్యర్థినే నిలిపాయి. అదే సంవత్సరం జనవరిలో ఆవడి సభలో కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని ప్రకటించి, ఎదుటివారి నినాదాన్ని కొంత తనది చేసుకొన్నది. ఫలితంగా 196 స్థానాలలో కూటమికి 146 వచ్చాయి. కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి.

విచిత్రమేమంటే, కమ్యూనిస్టుల ఓట్ల శాతం 1952 కంటె పెరిగి సుమారు 31కి చేరింది. ఒక్కొక్క నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. మిగిలిన ఓట్లకు సీట్లు రావు. అందుకే 31 శాతం ఓట్లు 15 సీట్లుగా మిగిలాయి. మన దక్షిణాఫ్రికాలో 1994 నుండి పార్లమెంటు ఎన్నికలలో పార్టీల ఓట్ల శాతాన్ని బట్టే సీట్లు ఇస్తున్నారు. ఇక్కడి పద్ధతిలో అయితే వారికి సుమారు 61 వచ్చి ఉండేవి. ప్రజలు ఎలా ఓటు వేశారన్నది ఎంత ముఖ్యమో, ఆ ఓట్లను ఎలా లెక్కిస్తారన్నదీ అంతే ముఖ్యం.

కూటమి గెలిచినా ముఖ్యమంత్రి పదవి బెజవాడ గోపాలరెడ్డిగారికి వెళ్లింది. పంతులుగారు 1957 మే 20న కన్నుమూశారు. లక్షలు సంపాదించిన ఆ బారిస్టరు చివరకు ఆస్తి ఏమీ మిగుల్చుకోలేదు. నేడు ప్రకాశం జిల్లా, విజయవాడలోని ప్రకాశం బ్యారేజి ఆయన పేరును నిలుపుతున్నాయి.

చెరకు తోటలకు వచ్చిన మన తాతలు ఈ దేశ పార్లమెంటుకు ఓటు వేయకుండానే కాలం చేశారు. వారి మనుమలమైన మనకు ఆ హక్కు దక్కింది. ఒక్క ఓటుతో ఏమవుతుందని మన యువతీయువకులు అడిగినప్పుడు, 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో జరిగినది వారికి చెప్పుదాము.