కండరంలో విద్యుత్తును చూసిన గాల్వానీ

ధ్వని వెలువడకుండా, గొంతులోనే పలుకుకున్న మాటను గుర్తించే యంత్రాలపై నేడు పరిశోధనలు సాగుతున్నాయి. మెదడు ఆజ్ఞ నాడుల ద్వారా నాలుక, గొంతు కండరాలను చేరినప్పుడు అక్కడ స్వల్ప విద్యుత్ సంకేతం పుడుతుంది. చర్మంపై అమర్చిన ఎలక్ట్రోడ్లు దానిని గ్రహిస్తాయి. ఈ పద్ధతిలో ఆరు మాటలను, పది అంకెలను సగటున 92 శాతం కచ్చితత్వంతో గుర్తించినట్లు నాసాకు చెందిన ఏమ్స్ పరిశోధన కేంద్రం 2004లో ప్రకటించింది. కండరంలో విద్యుత్తు ఉందని తొలుత వాదించిన లుయీజీ గాల్వానీ మాత్రం ఓడిన పండితుడిగానే కన్నుమూశారు.

ఇటలీలోని బొలోన్యాలో 1737 సెప్టెంబర్ 9న ఆయన జన్మించారు. వైద్యం అభ్యసించి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఆచార్యుడు గలియాజీ కుమార్తె లూచియాను వివాహమాడారు. ప్రయోగాలలోనూ ఆమె ఆయనకు తోడుగా నిలిచారు.

కోసి ఉంచిన కప్ప నాడికి కత్తి మొన తగిలి ఉండగా, సమీపంలోని విద్యుత్ యంత్రం నుంచి నిప్పురవ్వ ఎగసింది. చచ్చిన కప్ప కాలు ఎగిరిపడింది. ఆ తరువాత ఏ యంత్రమూ లేకుండానే, రెండు లోహాలను తాకించినా కాలు కదలడం ఆయన గమనించారు. జీవి దేహంలోనే విద్యుత్తు ఉందని నిర్ధారించి 1791లో గ్రంథం ప్రచురించారు. దానిని చూసేందుకు లూచియా లేరు. అంతకు ముందే మరణించారు.

పావియా ఆచార్యుడు అలెస్సాండ్రో ఓల్టా ఈ వాదాన్ని తిరస్కరించారు. విద్యుత్తు పుట్టేది రెండు భిన్న లోహాల కలయికలోనని, కప్ప కాలు దానిని చూపే సాధనం మాత్రమేనని ఆయన వాదన. లోహాల మట్టుకు అది నిజమే. అందుకు సమాధానంగా, లోహమే లేకుండా నాడిని నేరుగా కండరానికి తాకించినా కాలు ముడుచుకుంటుందని 1794లో గాల్వానీ పక్షం నిరూపించింది. అయినా 1800లో ఓల్టా బ్యాటరీ వెలువడడంతో లోకం అటే మొగ్గింది.

అప్పటికే గాల్వానీ లేరు. నెపోలియన్ నెలకొల్పిన సిసాల్పైన్ గణతంత్రానికి విధేయతా ప్రమాణం చేయడానికి నిరాకరించి 1798లో పదవిని, జీతాన్ని కోల్పోయారు. అదే ఏడాది డిసెంబర్ 4న తుదిశ్వాస విడిచారు.

కండర విద్యుత్తుకు కొలత దొరకడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. బెర్లిన్‌లో ఎమిల్ డ్యుబ్వా-రేమోన్ మనిషి చేతి కండరాలు బిగిసినప్పుడు వెలువడే విద్యుత్తును నమోదు చేశారు. అందుకు ఆయన వాడిన సాధనం పేరు గాల్వనోమీటర్.