చీరాలను కదిలించిన చదువరి – ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య



మన సంచికలో అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి రాయడం ఆనవాయితీ. వారి గురించి ఎంత రాసినా తక్కువే. ఈసారి మాత్రం మేము మరో మనిషిని గుర్తుచేయదలిచాం. పదో తరగతిలో చీరాల–పేరాల ఉద్యమాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టాం. ఆ రెండు మార్కుల వెనుక ఒక పూర్తి జీవితం ఉందని పీజీలో చేరి లైబ్రరీలో కూర్చున్నాకే మాకు తెలిసింది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పుట్టిన మూడో రోజునే తల్లి పోయింది. మూడేళ్లకు తండ్రి కూడా పోయాడు. నాయనమ్మ, పినతండ్రి పెంచారు. అమ్మానాన్నలకు దూరంగా ట్రంకుపెట్టె పక్కన నిద్రపోయే మనకు ఆ బాల్యం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

కూచినపూడిలో, గుంటూరులో చదువుకున్నారు. చిన్నప్పటి నుంచీ పాట అన్నా, పద్యం అన్నా, నాటకం అన్నా ప్రాణం. హైస్కూల్లో ఉండగానే స్నేహితులను కూడగట్టి నాట్యమండలి పెట్టి సంగీత, నాటక కార్యక్రమాలు నడిపారు. తరువాత బాపట్లలో ఒక ఏడాది చిన్న ఉద్యోగం చేశారు. అక్కడితో ఆగిపోతే ఆయన పేరు మనకు తెలిసేది కాదు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి ఓడెక్కి స్కాట్లండ్ వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు.

సీమకు వెళ్లినవారు చాలామంది దొరల అలవాట్లు నేర్చుకొని వచ్చారు. గోపాలకృష్ణయ్య గారు అక్కడ కూడా మన కళలనే వెతుక్కున్నారు. ప్రసిద్ధ కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి పనిచేశారు. నందికేశ్వరుడు సంస్కృతంలో రాసిన అభినయదర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. చేతి ముద్రలు, చూపులు, మెడ కదలికలు ఏ భావాన్ని ఎలా చెబుతాయో వివరించే శాస్త్రం అది. ఆ అనువాదాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం అచ్చువేసింది. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లు.

తిరిగి వచ్చాక రాజమండ్రిలో, బందరులో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. కానీ ఒకరి కింద అణగి ఉండే స్వభావం కాదు. గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు వచ్చాక ఉద్యోగాల ఆలోచన పూర్తిగా వదిలేసి చీరాలలో స్థిరపడ్డారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పారు. రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకుల దళాన్ని తయారుచేశారు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ – రామదండు కార్యకర్త ఎక్కడున్నా తెలిసిపోయేవాడు. జీతం లేదు, క్రమశిక్షణ మాత్రం ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు వచ్చిన జనసముద్రాన్ని అదుపులో ఉంచినది ఈ దండే.

ఇక అసలు కథ. చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్లు. ఎక్కువమంది మగ్గం మీద బతికే చేనేత కార్మికులు, చిన్న వ్యాపారులు, రైతులు. 1919–20 ప్రాంతంలో ప్రభుత్వం ఈ రెండింటినీ కలిపి మున్సిపాలిటీ చేసింది. దాంతో పన్నుల భారం ఎన్నో రెట్లు పెరిగింది. మాకు మున్సిపాలిటీ వద్దని జనం మొరపెట్టుకున్నా వినలేదు. పన్ను కట్టబోమన్నవారిని జైలుకు పంపారు. వారిలో రావూరి అలమేలుమంగమ్మ గారనే స్త్రీ కూడా ఉన్నారు.

బెజవాడ సమావేశాల తర్వాత గాంధీజీ చీరాల వచ్చారు. అహింసగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే ఖాళీ చేసి మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లడం రెండో దారి అని చెప్పారు. జనం రెండోది ఎంచుకున్నారు. ఆ ఏడాది వేసవి ఎండల్లో సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి బయటికి నడిచారు. పిల్లలు, ముసలివాళ్లు, మగ్గాలు, పశువులు అన్నీ కదిలాయి. ఊరి బయట తాటాకు పాకలు వేసుకొని దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండకు, వానకు ఓర్చి 11 నెలలు అక్కడే ఉన్నారు. వారికి ధైర్యం చెప్పినది గోపాలకృష్ణయ్య గారి గొంతే. ఆయన ఉపన్యాసంలో పాట ఉండేది, పద్యం ఉండేది, కడుపుబ్బ నవ్వించే చమత్కారం ఉండేది. ఎడింబరో చదువును మగ్గం మీద కూర్చున్న మనిషికి అర్థమయ్యే మాటల్లోకి దించడం ఆయనకు తెలుసు.

ఇంతమందికి తిండి, నీడ చూడాలంటే డబ్బు కావాలి. నిధుల కోసం బరంపురం వెళ్లినప్పుడు అక్కడ మాట్లాడకూడదని నిషేధాజ్ఞ విధించారు. ఆయన మాట్లాడారు. ఏడాది జైలుశిక్ష వేసి తిరుచునాపల్లికి పంపారు. నాయకుడు జైల్లో, చేతిలో పైసా లేదు, పాకల్లో రోగాలు, కష్టాలు. చివరికి జనం తిరిగి ఇళ్లకు వెళ్లారు. మున్సిపాలిటీ పోలేదు. ఈ సంగతి దాచకుండా చెప్పుకోవాలి. చీరాల ఓడిపోయింది. ఆ ఓటమి బరువు ఎక్కువగా మోసినది రోజు కూలి మీద బతికేవాళ్లే.

విడుదలయ్యాక ఆయన స్వరాజ్య పార్టీలో పనిచేశారు. గ్రంథాలయోద్యమానికి, జానపద కళలకు అండగా నిలిచారు. సంపాదించినది లేదు, ఉన్నదీ ఖర్చయిపోయింది. క్షయ వ్యాధి సోకి, పేదరికంలోనే 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి 39 ఏళ్లు. విజయవాడలోని ఆంధ్రరత్న భవన్ ఆయన పేరు మీద ఉన్నదే.

తమ్ముళ్లలో ఎవరైనా ఒక ప్రశ్న అడగవచ్చు. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు, సీమకు వెళ్లి చదివినవాడు, మన వాడల బాధ ఆయనకేం తెలుసు, మన సంచికలో ఆయన కథ ఎందుకు అని. మేము కూడా ఈ ప్రశ్న వేసుకున్నాం. మనం పడిన బాధ ఆయన పడలేదన్నది నిజమే. కానీ చదువు పూర్తయ్యాక ఏం చేయాలన్న ప్రశ్న ఆయనకూ ఎదురైంది, మనకూ ఎదురవుతుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మా నాయనమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. సెలవులకు ఊరు వెళితే పింఛను కాగితాలు, రేషన్ కార్డు దరఖాస్తులు పట్టుకొని వాడలో పెద్దవాళ్లు వస్తారు. మొదట్లో విసుక్కునేవాళ్లం. పోటీ పరీక్షలకు చదువుకోవాలి, వీళ్లెక్కడ దొరికారు అనుకునేవాళ్లం. ఒకసారి ఒక ముసలాయనను రేపు రమ్మని పంపించి, మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కేశాం. ఆ కాగితం ఆయన చేతిలోనే ఉండిపోయింది. గోపాలకృష్ణయ్య గారి జీవితం చదివిన రాత్రి మాకు మొదట గుర్తుకొచ్చినది ఆ కాగితమే.

ఆయనలా ఉద్యోగం మానేయమని ఎవరికీ చెప్పం. మన ఇళ్లకు మన జీతం కావాలి. అమ్మానాన్నలు కూలి చేసి పంపినది అందుకే. కానీ ఉద్యోగం వచ్చాక కూడా ఊరికి వెళ్లినప్పుడు ఒక పూట అరుగు మీద కూర్చుందాం. వచ్చినవారి కాగితం రాసిపెడదాం. చిన్న పిల్లలకు లెక్కలు చెబుదాం. డప్పు కొట్టడం వచ్చినవాళ్లు, పాట వచ్చినవాళ్లు సిగ్గుపడకుండా పాడదాం. ఆయన పాటను, చదువును ఎన్నడూ వేరు చేయలేదు.

ఈ సెలవులకు మేము ఆ ముసలాయన ఇంటికి వెళ్తున్నాం. మీరు కూడా మీ ఊళ్లో ఒక తలుపు తట్టండి.