వారపు పాఠమునకు దీపమైన గురువు: రాషీ

శుక్రవారమునాడు సూర్యాస్తమయమునకు కొంచెము ముందుగా యూదుల ఇండ్లలో గృహిణి దీపములు వెలిగించును. అంతటితో వారి విశ్రాంతిదినము ఆరంభమగును. మరునాడు చీకటిపడి నక్షత్రములు కానవచ్చువరకు వారు నిప్పు రగిలింపరు, క్రయవిక్రయములు చేయరు, కలము పట్టరు. శనివారము ఉదయమున సినగాగు అను సమాజమందిరమున అందరును కూడుదురు. తోలుపై చేతితో వ్రాసిన తోరా చుట్టను మందసమునుండి వెలికి తీసి, ఆ వారమునకు ఏర్పడిన భాగమును రాగయుక్తముగా పఠింతురు. మోషే పేర ప్రసిద్ధములైన ఐదు కాండములు ఇట్లు 54 భాగములుగా విభక్తములై, సంవత్సరమునకొకసారి పూర్తియగును. ద్వితీయోపదేశకాండము ముగిసిన దినముననే ఆదికాండము మరల మొదలగును.

పఠనము వినుట ఒకటి, అర్థము తెలియుట వేరొకటి. వ్యాపారికి, చేతిపనివానికి, బడిపిల్లవానికి ఆ ప్రాచీన హీబ్రూ వాక్యములను విడమరచి చెప్పువాడెవడు? ఈ ప్రశ్నకు యూదలోకము తొమ్మిదివందల సంవత్సరములుగా మొదట చెప్పుచున్న పేరు రాషీ.

ఆయన అసలు పేరు సొలొమోను. తండ్రి పేరు ఇస్సాకు. రబ్బీ షెలోమో యిట్స్‌హాకీ అను హీబ్రూ మాటల తొలి అక్షరములను కూర్చగా రాషీ అయినది. ఆయన 1040 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు షాంపేన్ సీమలోని త్రువా పట్టణమున జన్మించెను. ఉన్నతవిద్యకై రైన్ నదీతీరమునకు పోయి, మైంట్స్, వోర్మ్స్ పట్టణములందలి విద్యాపీఠములలో యాకోబు బెన్ యాకార్ మొదలైన పండితులకడ చదివెను. గురువులు నోట చెప్పిన వివరణలను శిష్యులు పత్రములపై వ్రాసికొనుట అచ్చటి వాడుక. రమారమి ముప్పది యేండ్ల వయసున రాషీ త్రువాకు మరలివచ్చి విద్యాలయము స్థాపించెను. ద్రాక్షతోటలు సాగుచేసి జీవించెనని చెప్పుదురు గాని దీనికి గట్టి ఆధారము లేదు. సేద్యము, నేత, కమ్మరము మొదలైన పనుల పరిచయము మాత్రము ఆయన వ్రాతలలో తరచుగా కానవచ్చును.

ఆయన తోరాకే గాక, యూదుల ధర్మచర్చల మహాసంగ్రహమైన తాల్ముదులో అధికభాగమునకును వ్యాఖ్య రచించెను. ఆ వ్యాఖ్యాన పద్ధతి ఉపాధ్యాయునిది. మూలమునుండి ఒకటిరెండు మాటలు గైకొని, విద్యార్థికి సందేహము కలుగు తావుననే ఆగి, కొలదిమాటలలో అర్థము చెప్పి ముందునకు సాగును. ఆజ్ఞల గ్రంథమైన తోరా ఆజ్ఞతో గాక సృష్టికథతో ఏల మొదలైనదను ప్రశ్నతోనే ఆయన ఆదికాండ వ్యాఖ్య ఆరంభమగును. పూర్వుల గాథలు ఎన్నియో ఉండగా, మూలవాక్యమునకు పొందికగా అతుకు వానిని ఏరుకొనెను. హీబ్రూ మాట క్లిష్టమైనచో, వీథిలో జనులు పలుకు ఫ్రెంచి మాటను హీబ్రూ లిపిలో వ్రాసి చూపెను. బైబిలు వ్యాఖ్యలలోనే ఇట్టి మాటలు వేయికి పైగా కలవు. ఆ కాలపు ఫ్రెంచి వ్రాతలు మిగిలినవి స్వల్పము కావున, 19వ శతాబ్దమున ఆర్సేన్ దార్మెస్తెతే వంటి భాషాపండితులు వీనిని శ్రద్ధతో సేకరించిరి.

తెలియనిచోట తెలియదని వ్రాయుటకును ఆయన సంకోచింపలేదు. ఆదికాండము 28వ అధ్యాయమున రిబ్కా యాకోబు ఏశావుల తల్లియని చెప్పు వాక్యము కలదు. ఆ సంగతి చదువరికి అదివరకే తెలిసినది. మరల చెప్పుటలోని ప్రయోజనమేమో తనకు తెలియలేదని రాషీ వ్రాసెను. ఆ వాక్యమును మౌనముగా దాటిపోయినను ఎవరును అడిగియుండరు.

1096వ సంవత్సరమున మొదటి క్రూసేడుకు బయలుదేరిన మూకలు కొన్ని రైన్ తీరపు యూదులపై బడినవి. రాషీ చదివిన వోర్మ్స్, మైంట్స్ పట్టణములలో యూదసమాజములు ఊచకోతకు గురియైనవి. పలువురికి బలవంతముగా బాప్తిస్మము ఇయ్యబడెను. త్రువాకు ఆ విపత్తు సోకలేదు. కాని ఆయన విద్యకు పుట్టినిల్లైన చోటులు శోకభూములైనవి. బలాత్కారముచే మతము మారి, మరల స్వధర్మమునకు వచ్చినవారి విషయమున ఆయన తీర్పు స్పష్టము: వారిని దూరముంచరాదు, సోదరులుగనే చేర్చుకొనవలెను.

రాషీకి పుత్రులున్నట్లు తెలియదు. కుమార్తెలలో యోకెబెదు మేయీర్ బెన్ షెమూయేలును, మిర్యాము యూదా బెన్ నాతానును వివాహమాడిరి. విద్య ఆ కుమార్తెల సంతతియందు నిలిచెను. యోకెబెదు కుమారుడైన షెమూయేలు తాతకడనే చదివి, తాతతోనే వాదమునకు దిగెను. గాథలను విడిచి వాక్యపు సహజార్థమునే పట్టుకొనవలెనని అతని పక్షము. దేశమెల్ల గౌరవించు వృద్ధగురువు యువకుని మాటను తోసిపుచ్చవచ్చును. రాషీ అట్లు చేయలేదు. దినదినము క్రొత్తగా తోచుచున్న సహజార్థములనుబట్టి, వ్యవధియున్నచో తన వ్యాఖ్యలను మరల వ్రాయవలసియున్నదని ఒప్పుకొనెను. ఈ సంగతిని మనుమడే తన ఆదికాండ వ్యాఖ్యలో వ్రాసియుంచెను.

ఆ వ్యవధి ఆయనకు లభింపలేదు. 1105వ సంవత్సరమున రాషీ కన్నుమూసెను. మక్కోత్ అను తాల్ముదు గ్రంథమునకు వ్రాయుచున్న వ్యాఖ్య నడుమ నిలిచిపోగా, అల్లుడు యూదా బెన్ నాతాన్ పూర్తిచేసెను.

1306లో నాలుగవ ఫిలిప్పు రాజు ఫ్రాన్సునుండి యూదులను వెడలగొట్టెను. రాషీ సమాధి ఉన్నచోటు నేడు ఎవరికిని తెలియదు. కాని ఆయన వ్యాఖ్య దేశదేశములకు పయనించెను. అచ్చయిన తేదీ గల హీబ్రూ పుస్తకములలో నేటికి తెలియవచ్చిన మొట్టమొదటిది 1475లో దక్షిణ ఇటలీలోని రెజ్జో నగరమున వెలువడిన రాషీ తోరా వ్యాఖ్యయే. వారపు భాగమును ప్రతివాడును రెండుమారులు మూలమున, ఒకమారు అరమాయిక్ అనువాదమున చదువవలెనని నియమము. 16వ శతాబ్దమున యోసేపు కారో కూర్చిన ధర్మస్మృతి, ఆ అనువాదమునకు మారుగా రాషీ వ్యాఖ్యను చదివినను చాలునని అంగీకరించెను.

నేడును వారపు భాగము బోధించు ఉపాధ్యాయుడు, ఈ వాక్యమున రాషీకి కలిగిన సందేహమేమో చెప్పుమని విద్యార్థిని అడుగును. విద్యార్థి సమాధానమునకు ముందు ప్రశ్నను వెదకును. ఏటేట మన కార్తికమాస ప్రాంతమున రిబ్కా కథ గల భాగము వచ్చును. అప్పుడు పెద్దలును పిన్నలును, ఆ మహాగురువు తనకు తెలియదని వ్రాసిన తావునకు చేరి, మరల ఒకసారి ఆగి ఆలోచింతురు.