వెళ్ళిన దారిన తిరిగి రాలేదు

మా నల్లజర్లలో పదిమంది ఆడవాళ్ళం కాశీ వెళ్దామనుకున్నామంటే ముందు పుట్టే ప్రశ్న, దారిలో వంటెక్కడ అని. ఏనుగుల వీరాస్వామయ్య గారికీ అదే బెంగ! మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మే 18న, బోయీలతో సహా వందమంది దాకా వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరారు. అప్పటికి మన దేశంలో రైలే లేదు. కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా కొండలూ అడవులూను. అంతమందికి రోజూ బియ్యం, కట్టెలు, మంచినీళ్ళు అమరాలి కదా. అందుకే ఏ మజిలీ ఎంత దూరం, బాట ఎలాంటిది, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, అన్నీ రాసిపెట్టారు, తర్వాత వెళ్ళేవాళ్ళకు పనికొస్తాయని. నాకైతే యాత్రాఫలం కన్నా ఈ లెక్కలే గొప్పగా తోస్తాయి.

తిరిగి రావడానికి మాత్రం ఆ అడవి దారి పట్టలేదు. గయ, కలకత్తా చూసుకుని, పూరీ జగన్నాథం మీదుగా సముద్రం వారనే దిగారు. మన గోదావరి దాటి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. పదిహేను నెలల పైమాటే.

1836లో ఆయన పోయారు. దారి పొడుగునా రాసి పంపిన ఆ సంగతులను స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె భద్రంగా దాచి, 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు.