రహీము సాహెబుగారు

కొండకర్ల ఆవ గట్టున బంతి తన్నుకొను మన బాలురు సయ్యద్ అబ్దుల్ రహీముగారి చరిత్రము నెఱుంగవలయునని మేము దీనిని వ్రాయుచున్నాము. వారు 1909వ సంవత్సరమున హైదరాబాదునందు జన్మించిరి. తొలుత బడిపంతులు. పిమ్మట హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాలు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదుమారులు రోవర్సు కప్పు గెలిచెను.

కప్పులకంటె వారు పిన్నవాండ్రను తీర్చిన విధమే మాకు గొప్పగా తోచును. కుడికాలి వాటముగల బాలుడు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టిరి. బంతిని ఒక్కడే నడిపించుకొనిపోరాదను పోటీలును పెట్టిరి. తోడివానికి బంతి నందింపనివాడు అందు ఒక్క అడుగైన సాగలేడు గదా! ఈ పద్ధతి మన బడి ఆటస్థలమునను నడపదగినదే.

సికింద్రాబాదు చేరువ అమ్ముగూడలో తులసీదాసు బలరాం అను పేదబాలుడుండెను. సాధనకు వచ్చుటకు సైకిలు అద్దెకైన వానికి డబ్బులేదు. రహీముగారు రూపాయి యిచ్చి రప్పించిరి. ఆ బాలుడే 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున ఆడెను. భారతదేశము నాలుగవ స్థానము పొందెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీముగారిని పుట్టకురుపు వ్యాధి పీడించుచుండెను. అయినను జట్టును విడువలేదు. తలకు కుట్లుపడిన రక్షకుడు జర్నైలు సింగును ముందువరుసలో ఆడించిరి. తుదిపోటీలో దక్షిణ కొరియాపై మనవారు రెండు గోళ్లు చేసి గెలువగా, రెండవది ఆయనదే. బలరామును ఆ జట్టులోనివాడే.

మఱుసటి యేడు జూను 11వ తేదీన రహీముగారు మృతినొందిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము మఱల మనకు రాలేదు.