రెవరెండు విలియము హోవర్డు కాంబెల్ గారు

ప్రకృతిశాస్త్రమును దైవభక్తియు నొక్క హృదయమున నిముడజాలవని తలంచువారు నేటికిని గలరు. ఈ సందేహమునకు వాదముచేత గాక తమ జీవితముచేతనే సమాధానము చెప్పిన పాదిరిగారొకరు మన రాయలసీమయందే పనిచేసిరి. వారే రెవరెండు విలియము హోవర్డు కాంబెల్ గారు.

వీరు 1859వ సంవత్సరమున ఐర్లాండునందలి లండన్‌డెర్రీ పట్టణమున జన్మించిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమున విద్య ముగించుకొని, 1884లో లండను మిషను పక్షమున కడపకు వచ్చిరి. ఆ మిషను కడపలో 1822 మొదలు పనిచేయుచుండెను. కాంబెల్ గారు తెలుగు భాషను శ్రద్ధతో నభ్యసించిరి. దైవశాస్త్రమునందు పండితులని పేరొందిరి. సుమారిరువదియైదేండ్లు వారి సేవ యీ దేశమునకే చెందెను.

ఆ కాలమున మిషను పని యధికముగా పల్లెలలోనే జరుగుచుండెను. డోను మొదలు కడపవరకు వ్యాపించిన మన మెట్టభూములు చూచువారికి రాళ్లును ముండ్లకంపలునుగా మాత్రమే తోచును. కాంబెల్ గారికి అట్లు తోచలేదు. పక్షులను పరిశీలించుటయు, రాత్రివేళ దీపముచుట్టు మూగు చిమ్మటలను సేకరించుటయు వారికి ప్రియమైన పనులు. చూచినదేమి, ఎక్కడ, ఎప్పుడు అను మూడు సంగతులును సరిగా తెలిపినప్పుడే అట్టి పరిశీలన శాస్త్రమునకు సాక్ష్యమగును.

అట్టి సాక్ష్యము విలువ యెంతటిదో కలివికోడి కథవలన తెలియును. ఇది ముండ్లపొదల నడుమ నేలపై పరుగెత్తుచు జీవించు చిన్నపక్షి. రొమ్ముపై రెండు పట్టీలుండును. మద్రాసు రాజధానిలో సైనిక వైద్యులుగా నుండిన జెర్డన్ గారు దీనిని శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చిరి. 1848లో దీనికి శాస్త్రీయనామ మేర్పడెను. 1900వ సంవత్సరమున అనంతపురము ప్రాంతమున కాంబెల్ గారు దీనిని గుర్తించిరి. అటుపిమ్మట 86 ఏండ్లవరకు ఇది కనబడినట్లు రూఢియైన సాక్ష్యము లేకపోయెను. పక్షిజాతి నశించెనని పెక్కురు నిశ్చయించిరి.

కాంబెల్ గారు 1910లో ఇటలీ దేశమందలి బోర్డిగేరాయందు పరమపదించిరి. వారి వయస్సప్పటికి 50 ఏండ్లు మాత్రమే. తాము చూచిన పక్షిని మరల మనుష్యులు చూతురో లేదో వారెరుగరు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున ఐతన్న యను పిట్టలవేటగాడు రాత్రివేళ దీపపు వెలుగున నీ పక్షిని పట్టెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు వచ్చి అది కలివికోడియేయని ధ్రువపరచిరి. అది రాత్రి సంచరించు పక్షి గనుక పగలు వెదకినవారికి చిక్కలేదు. శాస్త్రజ్ఞులు లేదనుకొన్నదానిని అడవి నెరిగిన పల్లెవాడు చూపెను. తరువాత దాని రక్షణకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. అయినను ఆ జాతి నేటికిని మిక్కిలి యపాయస్థితిలోనే యున్నది. పొదలు నరికి నేల చదునుచేసినచో దానికి నిలువ నీడలేదు.

విద్యార్థులారా! దైవసేవకుడు తాను నమ్మినదానికి సాక్షి; శాస్త్రజ్ఞుడు తాను చూచినదానికి సాక్షి. ఈ యిరువురికిని సత్యసంధత యొక్కటే ధనము. కాంబెల్ గారియందు ఈ రెండు సాక్ష్యములును కలిసియుండెను. మన ఊరి వెలుపలి మెట్టలయందు ఇంకను గుర్తింపబడని జీవులెన్నియో యుండవచ్చును. వానిని బీడని త్రోసివేయక, నిలిచి చూచి, చూచినదానిని చూచినట్లే వ్రాసియుంచుడు.